కోడింగు చదువునకు అప్పు చేయుటకు ముందు

విత్తనములు, ఎరువులు, పంట రుణములు మొదలగువానిని గూర్చి ముచ్చటించు ఈ పత్రికలో కంప్యూటరు చదువును గూర్చి వ్రాయుట కొందరు సభ్యులకు వింతగా తోచవచ్చును. కాని యిటీవల బుగ్గారము మండల గ్రామములలో పొలము చూడబోయినపుడెల్ల, పైరు సంగతి ముగిసిన పిమ్మట రైతులు నన్నడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. “సారూ, మా పిలగాడు ఇంట్లనే కూసుండి ఆన్‌లైన్ల కోడింగు నేర్చుకొని కొలువు తెచ్చుకుంటనంటున్నడు. లక్ష రూపాయలు కట్టుమంటున్నరు. కట్టాల్నా, వద్దా?” ఆ లక్ష రూపాయలు చాలమంది యిండ్లలో నిలువ ఉండవు, అప్పుగా రావలయును. అప్పు ప్రసక్తి యెక్కడ వచ్చునో అక్కడ సహకార సంఘమునకు పని కలదు. కావున ఈ విషయమును నాకు తెలిసినంతవరకు వివరింతును.

మొదట కోడింగన నేమో తెలిసికొందము. కంప్యూటరునకు అర్థమగు భాషలో, వరుస తప్పక, పొరపాటు లేకుండ ఆజ్ఞలు వ్రాసి యిచ్చుటయే కోడింగు. బావుల కడ ఫోనుతో నడచు మోటారు స్టార్టర్లను మీరెరుగుదురు. “మూడు ఫేజులును వచ్చినయెడల మోటారు నడుపుము. ఒక ఫేజు తప్పినయెడల ఆపుము. నీరు లేక ఉత్తగా తిరుగుచున్నయెడల ఆపి, యజమానికి కబురంపుము.” ఇట్టి యాజ్ఞలు ఆ చిన్న పెట్టెలో ముందే వ్రాయబడి యున్నవి. వానిని వ్రాసినవాడు కోడింగు నేర్చినవాడు. బ్యాంకు ఖాతా, బస్సు టికెట్టు, ఆసుపత్రి చీటీ అన్నియు నేడు ఇట్టి యాజ్ఞలచేతనే నడచుచున్నవి. మన భూముల లెక్క 2020లో ధరణిలోనికి, 2025 ఏప్రిలులో భూభారతిలోనికి ఎక్కినది. ప్రాథమిక సహకార పరపతి సంఘములు 63,000 వరకు కంప్యూటరు లెక్కలకు మారుటకై కేంద్ర మంత్రివర్గము 2022 జూను 29న రూ. 2,516 కోట్ల పథకమును అంగీకరించెను. కావున ఈ విద్య మన గడపకు దూరమైనది కాదు.

ఇక బూట్‌క్యాంపు. కొత్తగా దండులో చేరిన సిపాయిలకు కొలది కాలములో కఠినముగా కవాతు నేర్పు శిబిరమునకు అమెరికాలో ఆ పేరు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డెవ్ బూట్‌క్యాంపు అను బడి, కాలేజీలో నాలుగేండ్లు చదువనక్కరలేదు, కొన్ని వారములు రేయింబవళ్లు శ్రమించిన చాలునని బోధన మొదలు పెట్టెను. ఆ బడి 2017లో మూతపడినను ఆ పద్ధతి లోకమంతట వ్యాపించెను. మన దేశమున నేడు ఇట్టి బడులు పెక్కు ఆన్‌లైనులో నడచుచున్నవి. హైదరాబాదున మొదలైన నెక్స్ట్‌వేవ్ వంటి సంస్థలు తెలుగులోను పాఠములు చెప్పుచున్నవి. పుట అమరికకు హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్., పుటను కదలించుటకు జావాస్క్రిప్టు, లెక్కలకు పైథాను, సమాచారమును దాచి వెదకి తీయుటకు ఎస్.క్యూ.ఎల్., ఇవి ఈ బడులలో సాధారణముగా నేర్పు విద్యలు. కొన్ని నెలల చదువు. దినమునకు నాలుగైదు గంటల శ్రమ.

ఈ చదువుపై మన బిడ్డలకు ఆశ పుట్టుట తప్పు కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల యువకులకు ఇన్నాళ్లు ముందున్న దారులు గల్ఫు దేశములు, సిరిసిల్ల మరమగ్గములు, హైదరాబాదు కూలి. ఆడువారికి బీడీల చాట. కొండగట్టు కడ నాచుపల్లిలో 2007 నుండి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీ యున్నను అందులో చోటు అందరికి దొరకదు. ఇల్లు విడువ వీలులేని ఆడపిల్ల సయితము, పాఠము ఇంటికే వచ్చినచో నేర్చుకొనగలదు. కావున చదువు వద్దని నేననుట లేదు. ఆ చదువునకై వ్రాసియిచ్చు కాగితమును గూర్చియే నా మనవి.

ఆన్‌లైను బడుల రుసుము పెక్కుచోట్ల “నెలకింత” అని చెప్పబడును. వినువారు అది నెలనెలా బడికి కట్టు ఫీజని తలతురు. తరచుగా జరుగునది వేరు. బడితో ఒప్పందము గల ఫైనాన్సు కంపెనీ యొకటి మొత్తము రుసుమును బడికి ముందే చెల్లించును. విద్యార్థి ఆ కంపెనీకి బాకీదారుడగును. విద్యార్థికి సంపాదన లేనందున తండ్రి గాని తల్లి గాని సహ రుణదారుగా సంతకము చేయవలసి వచ్చును. పిల్లవాడు రెండవ నెలలో చదువు మానినను కిస్తు మానదు. కిస్తులు తప్పినచో ఆ మచ్చ తండ్రి సిబిల్ లెక్కలోను పడును. మరుసటి వానకాలమున అతడు పంట రుణమునకు బ్యాంకు మెట్లెక్కినపుడు ఆ మచ్చ అతనికంటె ముందు అక్కడ కూర్చుండి యుండును. గల్ఫు వీసాకై ఏజెంటు చేతిలో అప్పు సొమ్ము పోసి యేండ్ల తరబడి వడ్డీ కట్టిన యిండ్లు మన ప్రాంతమున తక్కువ కాదు. అదే జాగ్రత్త ఇక్కడను కావలయును.

లక్ష రూపాయల బరువెంతయో వడ్ల లెక్కలో చూడుడు. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకము వడ్ల మద్దతు ధర క్వింటాలునకు రూ. 2,369. ఆ ధరకు లక్ష రూపాయలు రావలెనన్న 42 క్వింటాళ్లకు పైగా అమ్మవలెను. ఎకరమునకు 21 క్వింటాళ్లు పండినచో అది రెండెకరముల మొత్తము పంట. దున్నకము, నాట్లు, ఎరువు, కోత కూలి ఇంకను తీయలేదు. వడ్డీయు కలుపలేదు. రెండెకరముల పంటను ఒక కాగితముపై సంతకముతో ఇచ్చుచున్నామని తెలిసి చేయవలెను.

“ఉద్యోగము ఖాయము” అను మాటను గూర్చి అమెరికాలో జరిగిన యొక సంగతి తెలిసికొనదగినది. అక్కడ 2017లో లాంబ్డా స్కూలు పేరుతో మొదలై తరువాత బ్లూమ్‌టెక్ అని పేరు మార్చుకొన్న ఆన్‌లైను బడి యొకటి ఉండెను. “ఇప్పుడేమియు కట్టనక్కరలేదు, కొలువు వచ్చిన పిదప జీతములో నూటికి 17 వంతున ఇండు” అని అది విద్యార్థులను చేర్చుకొనెను. తన విద్యార్థులలో నూటికి 71 నుండి 86 మందికి కొలువులు దొరకుచున్నవని ప్రకటించెను. 2024 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ విచారించి, పెట్టుబడిదారులకు ఆ బడి చెప్పిన లెక్క నూటికి సుమారు 50 మందియేననియు, కొన్ని తరగతులలో 30 వరకు దిగినదనియు, అప్పు కాదని చెప్పినది నిజముగా అప్పేననియు తేల్చి, ఆ బడి ఇకపై విద్యార్థులకు అప్పులు ఇయ్యరాదని ఉత్తరువు చేసెను. బడులన్నియు ఇట్టివని నా యభిప్రాయము కాదు. కాని సంచిపై ముద్రించిన మాటకును లోపలి గింజకును భేదముండవచ్చునని రైతు కంటె బాగుగా ఎరిగినవారెవరు?

మన దేశమున విద్యా మంత్రిత్వ శాఖ 2021 డిసెంబరులో ఆన్‌లైను విద్యా సంస్థల విషయమున ప్రజలకు హెచ్చరిక ప్రకటించెను. ఖాతానుండి సొమ్ము దానంతటదే కోతపడు ఏర్పాటునకు ఒప్పుకొనకుండుట మంచిదనియు, షరతులను పూర్తిగా చదువవలెననియు అందు చెప్పబడెను. ఫోను ద్వారా ఇచ్చు అప్పులకు రిజర్వు బ్యాంకు 2022లో నిబంధనలు చేసెను. వాని ప్రకారము మొత్తము ఖర్చును, సంవత్సరపు వడ్డీని తెలుపు ముఖ్యాంశముల పత్రమును అప్పిచ్చువారు ముందుగా ఇయ్యవలెను. అప్పు వద్దనిపించినచో అసలును, ఆ కొలది దినముల వడ్డీని చెల్లించి తప్పుకొనుటకు గడువును చూపవలెను. ఈ పత్రము అడుగుట మీ హక్కు.

కావున సంతకమునకు ముందు అడుగవలసిన ప్రశ్నలివి. సొమ్ము ఎవరికి బాకీ పడుచున్నాము, బడికా, ఫైనాన్సు కంపెనీకా? నడుమ మానినచో తిరిగి వచ్చునదెంత, ఏ తేదీలోపల? కిందటి సంవత్సరము ఎందరు చేరిరి, ఎందరు ముగించిరి, ఎందరికి ఏ జీతమునకు కొలువు దొరకెను? పదిమంది ఫోటోలు జవాబు కాజాలవు. చేరినవారందరి లెక్క కావలెను. ఉద్యోగపు హామీకి తోకగా తగిలించిన షరతులేవి? అసలు పట్టాలు వారి వద్ద ఉంచుకొందురా? ఉంచుకొందుమన్నచో అక్కడనే లేచి రావలెను. మోసము జరిగినదని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయ ఫోను 1915.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. విత్తన మెంత ఖరీదు పెట్టి కొన్నను, నారుమడిలో చల్లుటకు ముందు నూరు గింజలను లెక్కించి తడిగుడ్డలో చుట్టి మొలక చూచుట మనము నేర్చిన పద్ధతి. నూటికి 80 మొలచినచో ఆ వడ్లు విత్తనమునకు తగును. ఈ చదువునకు సయితము అట్టి పరీక్ష కలదు; దానికి ఖర్చు లేదు. బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు చిన్న చిన్నవి, కొన్ని తెలుగు మాటలతోను దొరకును. ఐ.ఐ.టి.లు కలసి నడుపు ఎన్.పి.టి.ఇ.ఎల్., ప్రభుత్వము 2017లో ప్రారంభించిన స్వయం, అమెరికాలో 2014లో పుట్టిన ఫ్రీకోడ్‌క్యాంపు, హార్వర్డు వారి సి.ఎస్. 50, ఇవన్నియు ఉచితముగా నేర్పుచున్నవి. కుమారునికి గాని కుమార్తెకు గాని నలువది దినముల గడువిండు. దినమునకు రెండు గంటలు, ఒకే పాఠక్రమము. గడువు చివర ఒక చిన్న పని అడుగుడు: ఇంటి పాల లెక్క వ్రాసికొను పుట గాని, కూలీల హాజరు లెక్క గాని తన చేతితో వ్రాసి చూపవలెను. చూపినచో మొలక వచ్చినట్లే. పదవ దినముననే మానినచో లక్ష రూపాయలు మిగిలినట్లే; బిడ్డను నిందింపనక్కరలేదు, ఆ నేల వేరు పంటకు తగును.

ఈ పరీక్ష ఏల యవసరమనగా, ఒంటరిగా ఇంట కూర్చుండి చదువుట మిక్కిలి కష్టము. హార్వర్డు, ఎం.ఐ.టి. విద్యాపీఠముల ఆన్‌లైను పాఠములలో 2017-18లో చేరినవారిలో కడవరకు ముగించినవారు నూటికి నలుగురైనను లేరని 2019లో ప్రకటితమైన పరిశీలన తెలుపుచున్నది. ఫోను ఒక్కటే చాలదు. వ్రాసి నేర్చుటకు లాప్‌టాపు కావలయును. దాని ఖరీదును లెక్కలో వేసికొనవలెను.

కొలువుల సంగతియు నిజముగా చెప్పవలెను. టి.సి.ఎస్. వంటి పెద్ద కంపెనీ 2025 జూలైలో తన సిబ్బందిలో నూటికి ఇద్దరిని, అనగా సుమారు 12,000 మందిని తగ్గించుచున్నట్లు ప్రకటించెను. 2022 చివర వెలువడిన చాట్‌జి.పి.టి. మొదలు, అడిగినంతనే కోడు వ్రాసి యిచ్చు యంత్రములు వచ్చినవి. కొత్తవారికి ఇచ్చు సులువైన పని యిందుచే తగ్గుచున్నది. మూడు నెలల చదువుతో పెద్ద జీతము వచ్చునను మాట నమ్మదగినది కాదు. అయినను దారి మూసికొని పోలేదు. తమిళనాడులోని జోహో కంపెనీ 2005 ప్రాంతము నుండి డిగ్రీ లేని పిల్లలను తీసికొని, రుసుము పుచ్చుకొనక, పైపెచ్చు భృతి నొసగి నేర్పి, తన వద్దనే పనికి పెట్టుకొనుచున్నది. తెన్‌కాశి వంటి పల్లెపట్టున కూడ ఆ బడి నడచుచున్నది. మన రాష్ట్రమున 2014లో ఏర్పడిన టాస్క్ సంస్థ కాలేజీ విద్యార్థులకు శిక్షణ నిచ్చుచున్నది. అప్పు కాగితమునకు ముందు ఇట్టి తలుపులు తట్టవలెను. డిగ్రీ చదువుచున్నవారు దానిని నడుమ విడువరాదు. పట్టా అడుగు కంపెనీలు నేటికిని పెక్కు.

కడపట సంఘములకు ఒక మనవి. ఒక్కొక్క రైతు విడివిడిగా విత్తనము కొన్నచో మోసపోవును. సంఘముగా కొన్నచో బేరమాడగలడు, పరీక్షింపగలడు. చదువును గూర్చియు నట్లే చేయవచ్చును. గ్రామమునందలి నలుగురైదుగురు విద్యార్థులు సాయంకాలము సంఘపు గదిలో గాని పాఠశాలలో గాని కలసి కూర్చుండి ఒకే ఉచిత పాఠమును చదివినచో, ఒకరు మానబోయినను మరియొకరు పట్టి నిలుపుదురు. రెండు లాప్‌టాపులు నలుగురికి సరిపోవును. ఈ పని చేసిన మనవారు జిల్లాలో ఎవరైన యున్నచో వారిని నెలకొకమారు పిలిచి పిల్లల పనిని చూపవచ్చును. ఏ సభ్యునికైనను ఫైనాన్సు కంపెనీ కాగితము వచ్చినచో, సంతకమునకు ముందు సంఘ కార్యదర్శి కడకు తెచ్చి, పదిమంది యెదుట బిగ్గరగా చదివించుకొనవలెను. చదువునకై చేసిన అప్పుచే చేను పోకుండ కాచుట ఈ సంఘముల పని. బిడ్డల ఆశను ఆర్పక, నేలను పోగొట్టుకొనక నడచుటకు నలువది దినముల ఓపిక చాలును.