కుడిపక్క వంత ఏమంటాడు?

(మా ప్రతినిధి)

గుంటూరు: బుర్రకథకు వచ్చి ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళ చూపు కథకుడి మీద ఉండదు. తంబురా భుజాన వేసుకుని, వేలికి అందె, కాళ్ళకు గజ్జెలతో నడుమ చిందేసే ఆయన పల్నాటి యుద్ధమే చెబుతాడని వాళ్ళకు తెలుసు. యుద్ధంలో ఏం జరిగిందో కూడా తెలుసు. తెలియనిదల్లా కుడిపక్క డక్కీ వాయించే వంత ఈ పూట ఏమంటాడన్నదే.

బుర్రకథలో ఎడమపక్క వంతను హాస్యం అంటారు, కుడిపక్క వంతను రాజకీయం అంటారు. కథ నడుస్తుండగా అడ్డం తగిలి ఇవాళ్టి సంగతి ఎత్తడం రాజకీయం పని. ఈ విద్యను దేశమంతా ఎరిగేలా చేసిన షేక్ నాజర్ మన జిల్లావారే. పొన్నెకల్లులో పుట్టారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. 1940ల్లో ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా తిరుగుతున్న కాలంలో అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం రెండూ బుర్రకథను నిషేధించాయి. పాత రాజుల కథలకు జడిసి కాదని వేరే చెప్పనక్కర్లేదు.

అంత పెద్ద రాజకీయం జోలికి పోకుండా, మునిసిపాలిటీ సంగతులే చెప్పుకునే రాజకీయం వంత ఒకాయన జిల్లాలో ఉన్నాడు. పేరూ ఊరూ పేపర్లో వేయొద్దన్నాడు. మునిసిపల్ ఆఫీసునుంచి ఆయన దళానికి రావలసిన బిల్లు ఒకటి ఉంది మరి.

పగలు ఆయన దర్జీ. మునిసిపల్ ఆఫీసు వెనక సందులో కుట్టుమిషను. కథకుడు సొంత అన్న, హాస్యం మేనల్లుడు. కౌన్సిల్ సమావేశం జరిగే రోజు మిషనుకు ముసుగేసి వెళ్ళి వెనక బల్లమీద కూర్చుంటాడు. ఎజెండా కాగితం తన దగ్గర చొక్కాలు కుట్టించుకునే ఒక కౌన్సిలర్ ఇస్తాడు. ఆమోదించిందేమిటి, వాయిదా పడిందేమిటి అన్నది కొలతల పుస్తకంలోనే రాసుకుంటాడు. పుస్తకం తిప్పి చూస్తే ఒక పేజీలో నడుము ముప్ఫయి నాలుగు, పొడవు నలభై. ఎదుటి పేజీలో ఫలానా వార్డు, బోరు మోటారు, మూడో నెల వాయిదా.

ఆయన సొంత ఊరు పట్టణానికి మూడు కిలోమీటర్లు. ఒకప్పుడు పంచాయతీ, తర్వాత మునిసిపాలిటీలో కలిపారు. ఇలా కలిసిన పల్లెల పాట్లు ఆ పల్లెలవారికే తెలియాలి. సర్పంచి ఉన్నప్పుడు రచ్చబండ దగ్గర పట్టుకుని అడిగేవారు. కలిసాక ప్రతి దానికీ ఆఫీసు మెట్లెక్కాలి. 2005 చట్టంతో వచ్చిన ఉపాధి హామీ పనులు పల్లెలకే గనుక అవి పోయాయి. ఇంటిపన్ను పట్నం లెక్కకు మారింది. చేలు మాత్రం చేలుగానే ఉన్నాయి.

అందుకే ఈయన మాటలకు అక్కడ అంత గిరాకీ. బ్రహ్మనాయుడి చాపకూడు ఘట్టంలో ముగ్గురి మధ్యా ఇలా నడుస్తుంది.

"ఆగన్నా ఆగు. అందర్నీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడన్నావు. మరి చేతులు కడుక్కోడానికి నీళ్ళెక్కడివి?"

"చంద్రవంక ఉంది కదా తమ్ముడూ!"

"ఉంది కాబట్టి సరిపోయింది. అదే మన వార్డయితే ట్యాంకరు వచ్చేదాకా ఎంగిలిచేతుల్తో కూర్చోవాలి."

"నేనయితే శుభ్రంగా నాకేసుకుంటాను మామా!"

చప్పట్లు ఆగేలోపే కథకుడు అందె మోగించి కథలోకి వెళ్ళిపోతాడు. అంతకంటే సాగదీస్తే రుచి పోతుందట.

2021లో మునిసిపాలిటీల్లో ఇళ్ళనుంచి చెత్త రుసుం వసూలు మొదలైనప్పుడు ఆయనకు రెండు మూడేళ్ళు వెతుక్కోకుండా సరుకు దొరికింది. బండి రాని వీధికి రుసుం ఎందుకన్న ప్రశ్న ఏ ఊళ్ళో అడిగినా జనం ఊగిపోయేవారు. 2024 ఆఖరుకు ఆ రుసుం రద్దయింది. జనానికి మంచిదే, తనకే మంచి ముక్క పోయిందని నవ్వుతాడు.

వెళ్ళి చూడనిదే అనడు

ఒకసారి ఒక వీధిలో దీపాలు వెలగడం లేదని వేదికమీద దులిపేశాడు. జనం గొల్లుమన్నారు. తీరా ఆ దీపాలు రెండు రోజుల కిందటే వేశారు! ఆనాటినుంచి సైకిలేసుకుని స్వయంగా వెళ్ళి చూడనిదే ఏ మాటా అనడు. మనుషుల పేరెత్తడు, కులం ఎత్తడు. పని జరిగితే జరిగిందనీ చెబుతాడు.

మరోసారి కుళాయి గొట్టాల గురించి అంటుండగా ఆ వార్డు కౌన్సిలర్ జనంలోంచి లేచి మైకు అడిగాడు. టెండరుకు రెండుసార్లు ఎవరూ రాలేదని, మూడోసారి పిలిచామని తేదీతో సహా చెప్పాడు. వంత డక్కీ పక్కన పెట్టి విని, అదే వరసలో నాలుగు ముక్కలు కట్టి తప్పు ఒప్పుకున్నాడు. కౌన్సిల్ హాల్లో కూడా జవాబులు ఇంత సూటిగా వస్తే బాగుండునని మాకనిపించింది.

ఆఫీసు కాగితం

చిక్కు వచ్చింది వేరే చోట. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని, మార్చి 31లోగా పన్ను కట్టమని ప్రచారం చేయడానికి ఆఫీసువారు ఈ దళాన్ని పెట్టుకున్నారు. ఎనిమిది ప్రదర్శనలు. ఈ రోజుల్లో కళాకారులకు అలాంటి పిలుపులే ఆధారం. రెండు పేజీల కాగితం ఇచ్చి ఇదే పాడమన్నారు. మార్కెట్టు దగ్గర పలకలు లేని కాలువలో ఒక ముసలామె పడి కాలు విరగ్గొట్టుకున్న సంగతి ఈయన అంచున పెన్నుతో రాసి చూపించాడు. ఇది మన ప్రోగ్రాంలో లేదంటూ అధికారి ఎర్రసిరాతో కొట్టేశాడు.

కాగితంలో ఉన్నట్టే పాడారు. ప్రదర్శన అయ్యాక ముందు వరస ముసలాయన దగ్గరికొచ్చి, "ఏరా, ఇవాళ నోరు పడిపోయిందా?" అన్నాడు. ఆ మాట చెబుతూ ఆయన కాసేపు మిషను తొక్కడం ఆపేశాడు.

డబ్బిచ్చేవాడి మాట పాడటంలో తప్పేముందని అనేవారున్నారు. చెత్త వేరు చేయమనడం మంచి మాటే. అయితే ఆ మాట చెప్పడానికి కథకుడు చాలు, హాస్యం చాలు. రాజకీయాన్ని పక్కన నిలబెట్టి నోరు కట్టేస్తే అక్కడున్నది డక్కీ వాయించే మనిషే గాని వంత కాదు. పన్ను కట్టమని అడిగిన వేదికమీదే కాలువ సంగతి కూడా వస్తే, కట్టేవాడికి ఆ మాట మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు.

శ్రీరామనవమి పందిట్లో, సొంత ఊళ్ళో, కాలువ సంగతి పూర్తిగా చెప్పేశాడు. ఆ తర్వాత ఆఫీసునుంచి పిలుపు లేదు. పాత ఎనిమిది ప్రదర్శనల డబ్బూ ఇంకా రాలేదు. రెండింటికీ ముడి పెట్టడం న్యాయం కాదని ఆయనే అంటాడు. కాంట్రాక్టర్ల బిల్లులు కూడా ఆగి ఉన్నాయట. అన్నగారు మాత్రం ఇక కొన్నాళ్ళు మునిసిపాలిటీ జోలికి పోవద్దంటున్నాడు. ఇంట్లో ఆ వాదన తెగలేదు.

మేము వెళ్ళిన రోజు కొత్త ఎజెండా మిషను బల్లమీద ఉంది. 17వ అంశం: మార్కెట్టు కాలువపై పలకల ఏర్పాటుకు అంచనా. దాని పక్కన బట్టలమీద గీసే సుద్దతో గీత గీసి ఉంది. అంతలో ఒకావిడ వచ్చి జాకెట్టు గురువారం కావాలంది.

"గురువారం కుదరదమ్మా, మీటింగుంది. శుక్రవారం రా."