దుర్భిణికి దుబాసీ ఎవరు?

ఉర్దూలోని 'దూర్‌బీన్' అన్న మాటను తెలుగువారు 'దుర్భిణి' అని తమదిగా చేసుకున్నారు. దూరాన ఉన్నదానిని చూపే సాధనమని దాని అర్థం. కాని నేటి దుర్భిణి చూపడంతోనే ఆగదు. చెప్పిన చోటికి తిరుగుతుంది. తిరిగిన పిమ్మట ఆ నక్షత్రాన్ని విడువక వెంబడిస్తుంది. ఈ పని చేసేది అద్దమూ కాదు, కటకమూ కాదు. దుర్భిణిని మోసే ఆధారపీఠం. దానిని 'మౌంటు' అంటారు. ఆ మౌంటుకూ కంప్యూటరుకూ నడుమ నిలిచి మాట అందించే చిన్న సాఫ్ట్‌వేరు పేరు 'డ్రైవరు'. ఈ డ్రైవరు ఎవరి సొత్తు అన్న ప్రశ్న పైకి అల్పంగా కనిపిస్తుంది. కాని ఒక కళాశాల కొన్న దుర్భిణి ముప్పది ఏండ్లు పనిచేస్తుందా, ఐదేండ్లకే బీరువా పాలవుతుందా అన్నది తరచు ఈ ప్రశ్నమీదనే ఆధారపడి ఉంటుంది.

ముందుగా మౌంటు చేసే పని తెలుసుకుందాం. నక్షత్రాలను బట్టి లెక్కిస్తే భూమి తనచుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. పూర్ణచంద్రుని వెడల్పు అర డిగ్రీ. అంతమేర ఆకాశం రెండు నిమిషాలలోనే జరిగిపోతుంది. ఈ కదలికకు సరిగా ఎదురు తిరగడానికి మౌంటులోని ఒక ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా నిలుపుతారు. హైదరాబాదులో అయితే అది క్షితిజానికి సుమారు 17 డిగ్రీల ఎత్తున, ధ్రువుని వైపు చూస్తూ ఉండాలి. ఆపైన మోటారు ఆ ఇరుసును సమవేగంతో తిప్పుతుంది.

ఆ మోటారుకు రోహిణి తెలియదు, చిత్త తెలియదు. ఎన్ని అడుగులు తిరగాలో, ఎంత వేగంతో తిరగాలో మాత్రమే తెలుసు. కంప్యూటరులోని ఆకాశపటానికేమో నక్షత్రాల పేర్లు, స్థానాలు తెలుసు. మోటారు భాష తెలియదు. పూర్వం రెండు భాషలవారి నడుమ దుబాసీ నిలిచినట్లు, ఇక్కడ డ్రైవరు నిలుస్తుంది. 'రోహిణి వైపు తిరుగు' అన్న కోరికను మౌంటు భాషలోకి మారుస్తుంది. 'ఇప్పుడు ఎక్కడ ఉన్నావు?' అని అడిగి జవాబు తెస్తుంది. ప్రమాదం తోచినప్పుడు 'ఆగు' అన్న ఆజ్ఞను అందిస్తుంది.

దుబాసీ పొరబడితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. నక్షత్ర పట్టికలు అనేకం 2000 సంవత్సరపు స్థానాలను ఇస్తాయి. కొన్ని మౌంట్లు నేటి స్థానాలను కోరుతాయి. భూమి ఇరుసు మెల్లగా దిశ మార్చుకుంటున్నందున ఈ పాతికేండ్లలో రోహిణి స్థానం డిగ్రీలో సుమారు మూడవ వంతు జరిగింది. డ్రైవరు ఈ తేడాను సవరించకపోతే, పెద్దగా చూపే కటకంలో రోహిణి అసలు కనిపించకనే పోవచ్చు. తప్పు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలంటే డ్రైవరు లోపల ఏమి వ్రాసి ఉన్నదో చదవగలగాలి. బహిరంగ సాఫ్ట్‌వేరు అవసరం ఇక్కడనే మొదలవుతుంది.

ఎవరైనా చదివి, సరిదిద్ది, పంచుకొనుటకు వీలుగా సోర్సు కోడును, అనగా మూలప్రతిని, విడుదల చేసినది బహిరంగ సాఫ్ట్‌వేరు. మూలప్రతిని తయారీదారు తనవద్దనే ఉంచుకొని, వాడుకొనే అనుమతిని మాత్రమే ఇచ్చేది సొంతహక్కుల సాఫ్ట్‌వేరు. అయితే ఈ విభజనతోనే విషయం తేలిపోదు. మౌంటు వద్ద మూడు తలుపులు ఉన్నాయి. మొదటిది, మౌంటు వినే ఆజ్ఞల భాష. రెండవది, అన్ని ప్రోగ్రాములూ అన్ని డ్రైవర్లతో మాట్లాడే ఉమ్మడి పద్ధతి. మూడవది, డ్రైవరు మూలప్రతి. ఒక తలుపు తెరచి మరొకటి మూసి ఉండవచ్చు.

రెండవ తలుపు ఎందుకు కావలసివచ్చిందో సులభమైన లెక్క చెబుతుంది. పది రకాల మౌంట్లు, పది ప్రోగ్రాములు ఉంటే, ప్రతి జంటకూ ఒక దుబాసీ చొప్పున నూరు మంది కావాలి. అందరూ ఒక ఉమ్మడి భాషకు ఒప్పుకుంటే ఇరవై మంది చాలు. 1998 ప్రాంతంలో అమెరికాలో బాబ్ డెన్నీ మొదలైనవారు 'ఆస్కామ్' అన్న పద్ధతిని ఇందుకే రూపొందించారు. దాని నియమాలు అందరికీ తెలిసినవే; కాని అది విండోస్ లోపలి ఏర్పాటు మీద కట్టినది కావున లినక్స్, మాక్ యంత్రాలకు అందలేదు. పైగా ఆస్కామ్‌కు లోబడిన డ్రైవరు బహిరంగమైనదీ కావచ్చు, సొంతహక్కులదీ కావచ్చు.

ఎల్‌వుడ్ డౌనీ రూపొందించిన 'ఇండీ' వేరొక దారి పట్టింది. ఇందులో డ్రైవరు దుర్భిణి పక్కనే ఉన్న చిన్న కంప్యూటరులో నడుస్తుంది. ఆకాశపటం నెట్‌వర్కు ద్వారా దానితో మాట్లాడుతుంది. కావున తరగతి గదిలోని కంప్యూటరు విండోస్‌దైనా, లినక్స్‌దైనా, మాక్‌దైనా పరవాలేదు. తనవద్ద ఏయే సదుపాయాలు ఉన్నవో డ్రైవరే ముందుగా చెప్పుకోవడం దీని విశేషం. తరువాత ఆస్కామ్‌వారు కూడా 'అల్పాకా' అన్న పేరుతో నెట్‌వర్కు మార్గాన్ని చేపట్టి విండోస్ ఎల్లలను దాటారు.

సొంతహక్కుల పక్షాన చెప్పవలసినది లేకపోలేదు. అమెరికాలోని సాఫ్ట్‌వేర్ బిస్క్ సంస్థ తన 'దిస్కైఎక్స్' ప్రోగ్రామును విండోస్, మాక్, లినక్స్ మూడింటికీ ఇస్తున్నది. మూలప్రతి వారిదే, అయినా ఇతరులు డ్రైవర్లు వ్రాసుకొనే నియమాలను ప్రకటించింది. మౌంటునూ సాఫ్ట్‌వేరునూ ఒకే సంస్థ చేసినప్పుడు రెండూ చక్కగా కుదురుతాయి. చిక్కు వస్తే అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. బహిరంగ డ్రైవరును తరచు తీరిక వేళల్లో పనిచేసే ఒకరిద్దరు స్వచ్ఛంద సేవకులు నిలుపుతారు; వారు విరమిస్తే అదీ కుంటుపడుతుంది. ఇండీలో సైతం కొన్ని కెమెరాల డ్రైవర్లలో తయారీదారు ఇచ్చిన మూసిన భాగాలు ఉన్నాయి.

కాని కాలం గడిచేకొద్దీ తేడా తెలుస్తుంది. ఇనుప చక్రాలకు ముసలితనం మెల్లగా వస్తుంది. సాఫ్ట్‌వేరుకు త్వరగా వస్తుంది. 2019లో మాక్ యంత్రాల కొత్త వ్యవస్థ 32 బిట్ల ప్రోగ్రాములను పూర్తిగా నిరాకరించింది. 2025 అక్టోబరులో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. మూలప్రతి చేతిలో ఉంటే ఎవరో ఒకరు దానిని కొత్త యంత్రానికి తగినట్లు మార్చగలరు. లేకపోతే సంస్థ దయ కోసం వేచి ఉండాలి. ఆ సంస్థయే లేకుండా పోవచ్చు. అమెరికాలోని మీడ్ సంస్థ 1992లో ఎల్‌ఎక్స్ 200 అన్న దుర్భిణిని తెచ్చింది. కోలన్‌తో మొదలై హాష్ గుర్తుతో ముగిసే దాని చిన్న ఆజ్ఞలు అందరికీ తెలిసినవి. 2024లో ఆ సంస్థ కార్యకలాపాలు నిలిచిపోయాయి. భాష మాత్రం నిలిచింది. ఇండీలో దానికి డ్రైవరు ఉన్నది. 'ఆన్‌స్టెప్' అన్న బహిరంగ మౌంటు నియంత్రణ పరికరం కూడా ఆ భాషనే అర్థం చేసుకుంటుంది.

ఈ పాఠం మన నగరానికి కొత్తది కాదు. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశాన్నంతటినీ పంచుకొని ఛాయాచిత్రాలు తీయాలని నిశ్చయించారు. ఏ దేశంలో తీసిన పలకమీదనైనా ఒక మిల్లీమీటరు డిగ్రీలో 60వ వంతుకు సమానం కావాలని నియమం చేసుకున్నారు. సుమారు ఇరవై వేధశాలలు ఈ పనిలో చేరాయి. నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పగా, ఆయన అనంతరం నిజాం ప్రభుత్వం స్వీకరించిన నిజామియా వేధశాల వాటిలో ఒకటి. ఇక్కడివారు లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచారు. 2000లో వెలువడిన 'టైకో-2' పట్టికలో 25 లక్షల నక్షత్రాల గతులను లెక్కించడానికి ఆ పాత కొలతలన్నీ అక్కరకు వచ్చాయి. కొలమానం ఎవరి పెట్టెలోనో దాగి ఉంటే, హైదరాబాదులో చేసిన శ్రమ ఇంతకాలం తరువాత మరొక దేశపు శాస్త్రజ్ఞునికి అర్థమయ్యేదా?

కావున కళాశాల కమిటీ వారు దుర్భిణి కొనేముందు వెలతోపాటు మూడు సంగతులు విచారించవలెనని మనవి. ఈ మౌంటు ఆజ్ఞల భాష ప్రకటితమైనదా? ఆస్కామ్, ఇండీ వంటి ఉమ్మడి పద్ధతులలో దీనికి డ్రైవరు ఉన్నదా? విండోస్ లేని యంత్రంతో విక్రేత మన ఎదుట దీనిని నడిపి చూపగలడా? మూడింటికీ 'అవును' అన్న జవాబు వస్తే, సాఫ్ట్‌వేరు సొంతహక్కులదైనా భయం తక్కువ. మొదటి దానికే 'కాదు' అని వస్తే, ఎంత చవకైనా ఆలోచించవలసినదే.

విద్యార్థి మిత్రులకు మరొక లాభం ఉన్నది. మూసిన డ్రైవరు మీకు నక్షత్రాన్ని చూపుతుంది. తెరచిన డ్రైవరు నక్షత్రాన్ని చూపి, దానిని ఎలా కనుగొన్నదో కూడా చెబుతుంది. త్రికోణమితి ఎందుకు చదివామన్న సందేహానికి ఆ మూలప్రతిలోనే జవాబు దొరుకుతుంది. అందులో ఒక తప్పు కనిపెట్టి సరిదిద్దిన విద్యార్థి శ్రమ, అదే మౌంటు ఉన్న మరొక దేశపు కళాశాలకూ ఆ రాత్రే ఉపయోగపడవచ్చు.