జీతాల బాకీ కింద జమ

కాకినాడలో బయల్దేరి భీమవరం, గుడివాడల మీదుగా దక్షిణాదికి పోయే రైలు పేరు సర్కార్ ఎక్స్‌ప్రెస్. మా ముదినేపల్లికి ఇటు గుడివాడ, అటు కైకలూరు. ఈ బండి పేరు ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. అయితే ఆ సర్కారు ఢిల్లీదీ కాదు, అమరావతిదీ కాదు. మొగలాయీల నాటి పాలనలో కొన్ని పరగణాలు కలిస్తే ఒక సర్కారు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు కలిసి ఉత్తర సర్కారులయ్యాయి.

కొల్లేటి పల్లెల్లో ఆక్రమణ అనగానే చేపల చెరువుల గట్లు, 2006లో వాటిని తెగ్గొట్టిన ఆపరేషన్ కొల్లేరు గుర్తొస్తాయి. అంతకు రెండున్నర శతాబ్దాల ముందు ఈ నేల మొత్తాన్నీ పట్టుకున్న ఆక్రమణ ఇంకొకటుంది. దానికి గట్టూ లేదు, కంచే లేదు. ఒక సనదు, దాని మీద ఒక ముద్ర. అంతే.

1751లో సలాబత్ జంగ్‌ను దక్కన్ గద్దె ఎక్కించింది ఫ్రెంచి సేనాని బుస్సీ. ఎక్కించినవాడు పక్కన లేకపోతే కూర్చున్నవాడు నిలవలేడు. కాబట్టి ఫ్రెంచి పటాలం నిజాం కొలువులోనే ఉండిపోయింది. మరి దాని జీతాలు? ఖజానా చూస్తే ఒట్టిపోయిన ఆవు. దివాను సయ్యద్ లష్కర్ ఖాన్ ఓ ఎత్తు వేశాడు. జీతాలు బిగబడితే పరాయి సిపాయిలు విసిగి వాళ్లే పోతారనుకున్నాడు. బుస్సీ పోలేదు. తిన్నగా ఔరంగాబాదు వెళ్లి కూర్చున్నాడు. 1753 చివరికి ఏలూరు, రాజమహేంద్రవరం, కొండపల్లి, శ్రీకాకుళం సర్కారుల శిస్తును తన పటాలం ఖర్చులకు రాయించుకున్నాడు. వదిలించుకోవాలని ఎగ్గొట్టిన బాకీకి నాలుగు సర్కారులు జమ అయ్యాయి.

పైన దొరలు మారడం ఒక ఎత్తు, కింద వసూళ్లు మారడం ఇంకో ఎత్తు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల ఫౌజుదారు జాఫరలీఖాన్ పదవి ఊడింది. బుస్సీ ఆ సర్కారులను విజయనగరం విజయరామరాజుకు గుత్తకిచ్చాడు. కడుపుమండిన జాఫరలీ నాగపూరు మరాఠాలను పిలుచుకొచ్చాడు. వాళ్లు వచ్చి ఊళ్లు దోచుకుని పోయారు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు ఫ్రెంచి ఫిరంగులు మోగాయంటే, ఆ మోత వెనక విజయనగరానికీ బొబ్బిలికీ ఉన్న పాత పగ ఉంది. తాండ్ర పాపారాయుడి కథను ఇక్కడ మళ్లీ చెప్పనక్కర్లేదు. బుర్రకథలు ఆ పని ఎప్పుడో చేశాయి. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే: బుస్సీని పగదీర్చుకునే పనిముట్టుగా వాడుకున్నామని రాజు అనుకున్నాడు, రాజును వసూలు చేసిపెట్టే పనిముట్టని బుస్సీ అనుకున్నాడు.

విజయరామరాజు పోయాక వారసుడు ఆనందరాజు పక్షం మార్చి కలకత్తాలోని ఇంగ్లీషు కంపెనీకి కబురంపాడు. క్లైవు పంపిన కల్నల్ ఫోర్డు 1758 అక్టోబరులో విశాఖలో దిగాడు. ఇద్దరి మధ్యా కుదిరిన ఒడంబడికలో వీరరసం ఎక్కడా లేదు, అంతా లెక్కలే. రాజమహేంద్రవరం చేజిక్కాక సైన్యం ఖర్చుకు నెలకు 50 వేలు, అధికారులకు 6 వేలు రాజు ఇచ్చుకోవాలి. లోపలి సీమలు రాజువి, రేవులు కంపెనీవి. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి పొలాల్లో ఫోర్డు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. గెలుపు వచ్చింది, డబ్బు రాలేదు. రాజు రేపన్నాడు, మాపన్నాడు. ఓడిన శత్రువును వెంటనే తరమాల్సిన సైన్యం రూపాయల కోసం కాచుక్కూర్చుంది. ఫిబ్రవరిలో ఏలూరు చేరి, నెల చివరిదాకా అక్కడే పడి ఉంది.

మార్చిలో అది కొల్లేటి సీమ మీదుగా బందరుకు నడిచింది. ఈ దారిలో ఏ ఊరు ఎంత బియ్యం ఇచ్చుకుందో, ఎన్ని ఎడ్లను పోగొట్టుకుందో ఏ కల్నలూ రాసిపెట్టలేదు. ఒకటి మాత్రం చెప్పవచ్చు. ఆ కాలపు సైన్యం వెంట బండ్లు, బజారు, పరివారం కదిలేవి. మార్చి అంటే మనకు కోతలైపోయి గాదెలు నిండే కాలం.

బందరు కోట ముందు సొంత సైనికులే ఫోర్డుకు ఎదురుతిరిగారు. ముట్టడి మొదలై రెండు వారాలైనా కాకముందే తెల్ల సోల్జర్లు తుపాకులు పట్టుకుని బయటికొచ్చి, దోపిడీ సొమ్ములో రావాల్సిన వాటా తేల్చమన్నారు. తేల్చకపోతే వెళ్లిపోతామన్నారు. కోట పడితే వచ్చే సొమ్ము మీద ఆశపెట్టి ఫోర్డు వాళ్లను నిలబెట్టుకున్నాడు. అప్పటికి సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు. మందుగుండు రెండు రోజులకే మిగిలింది. 1759 ఏప్రిల్ 7 రాత్రి, పోటు తీసిన వేళ చూసి, ఫోర్డు మనుషులు బురదలో పడి కోట మీదికి ఎగబాకారు. తెల్లారేసరికి కోట లొంగింది. లొంగినవాళ్లు పట్టుకున్నవాళ్లకంటే ఎక్కువమంది! మే 14న సలాబత్ జంగ్ బందరు సీమను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చి, ఫ్రెంచివాళ్లను ఇక దక్కన్‌లో ఉంచుకోనని ఒప్పుకున్నాడు. ఎనిమిదేళ్లు తన గద్దెను కాసినవాళ్లను అతను ఒక్క కాగితంతో వదిలేశాడు.

ఈ యుద్ధాల్లో తెల్లవాళ్లు ఎప్పుడూ కొన్ని వందలే. బరువంతా మోసింది మనవాళ్లు. బెంగాలులో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవారు. తెలుగుదేశం పేరు అక్కడ కూలికి యుద్ధం చేసేవాడి పేరయింది. దీన్ని గర్వంగా చెప్పుకోవాలో సిగ్గుపడాలో తేల్చడం కష్టమే.

మిగిలిన పని యుద్ధం లేకుండానే జరిగింది. 1765 ఆగస్టులో ఢిల్లీ పాదుషా షా ఆలం సర్కారులను కంపెనీకి ఇస్తూ ఫర్మానా ఇచ్చాడు. తన చేతిలో లేనిదాన్ని ఇవ్వడానికి పాదుషాకు అభ్యంతరమేముంటుంది? అప్పటికి దక్కన్ గద్దె మీదున్న నిజాం అలీకి మాత్రం మండింది. కంపెనీ దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు వంటివారు బేరాలు నడిపారు. 1766 నవంబరు 12న ఒప్పందం కుదిరింది. సర్కారులకు కంపెనీ ఏటా 9 లక్షల దాకా కట్టాలి, అవసరమైనప్పుడు నిజాంకు సైన్యం పంపాలి. పటాలం ఖర్చును ఆ బాకీలోంచి మినహాయించుకోవచ్చు. బుస్సీ నేర్పిన లెక్కే, మరింత నున్నగా. చివరికి 1823లో ఒక్కసారిగా పెద్ద మొత్తం ఇచ్చి కంపెనీ ఆ కప్పాన్నీ కొనేసింది.

ఈ మధ్యలో ఇదే పద్దు ఇంకోచోట తెరిచారు. సహాయక సైన్యం ఖర్చు కోసం 1800లో నిజాం బళ్లారి, కడప సీమలను ఇచ్చేశాడు. మనం రాయలసీమ అంటున్నదాన్ని అప్పట్లో దత్తమండలాలు అన్నారు. దత్తమంటే ఇచ్చేసినది అని. ఎవరికిచ్చారో, ఎందుకిచ్చారో ఆ పేరులో లేదు. 1853లో, కంటింజెంట్ సైన్యం బాకీల పేరుతో, బీరారు పోయింది.

చరిత్రకు వెటకారం కూడా తెలుసు. 1940 జూన్‌లో జర్మనీకి లొంగిన ఫ్రాన్సు, తన నేల మీద తిష్ఠవేసిన జర్మన్ సైన్యం ఖర్చు తనే భరిస్తానని సంతకం పెట్టింది. రోజుకు 2 కోట్ల మార్కులు. ఏలూరు శిస్తుతో పటాలాన్ని మేపిన దేశానికి ఆ బిల్లు కొత్తేమీ కాదు. వచ్చిన దిక్కే మారింది.

ఇంతా చేసి, బందరులో ఫ్రెంచివాళ్లకు ఒక చిన్న జాగా మాత్రం మిగిలింది. కోట పోయింది, సర్కారులు పోయాయి, కొలువు పోయింది. ఊరి మధ్యలో ఆ కాస్త నేల మీద హక్కు నిలిచింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకు, 1947 అక్టోబరులో, వాళ్లు దాన్నీ అప్పగించారు. ఆ పేటను బందరువాళ్లు ఇప్పటికీ ఫ్రెంచిపేట అనే పిలుస్తారు.