గుర్తుండని రోజులకు ఒక ఫొటో

జేమీ లివింగ్‌స్టన్ అనే కుర్రవాడు 1979 మార్చి 31న ఒక ఫొటో తీశాడు. అప్పటికతను అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, బార్డ్ కాలేజీలో చదువుకుంటున్నాడు. చేతిలో ఉన్నది పొలరాయిడ్ కంపెనీ ఎస్‌ఎక్స్-70 కెమెరా. మీట నొక్కగానే తెల్ల అంచుల కాగితం ఒకటి బయటికొస్తుంది, చూస్తూండగానే దాని మీద బొమ్మ తేలుతుంది. కొన్ని వారాలు గడిచాక, తాను ఇంచుమించు రోజుకొకటి తీస్తున్నానని అతనికి తట్టింది. ఇక దాన్నే నియమం చేసుకున్నాడు. రోజుకు ఒక్క ఫొటో, అంతే. 1997 అక్టోబరు 25న, సరిగ్గా తన 41వ పుట్టినరోజున క్యాన్సర్‌తో చనిపోయేదాకా ఆ పని సాగింది. ఆరు వేలకు పైగా పొలరాయిడ్లు మిగిలాయి. అతని స్నేహితులు హ్యూ క్రాఫర్డ్, బెట్సీ రీడ్ 2007లో వాటిని అదే బార్డ్ కాలేజీలో ప్రదర్శనకు పెట్టారు.

అందులో స్నేహితులు ఉంటారు, భోజనం బల్ల ఉంటుంది, గది, టీవీ తెర, వీధి ఉంటాయి. చివరి ఏడాదికి వచ్చేసరికి ఆసుపత్రి కనిపిస్తుంది, పెళ్ళి ఉంగరాలు కనిపిస్తాయి. అలాంటి పెద్ద రోజుల ఫొటోలు చూసినప్పుడు మనసు కదలడం సహజమే. కానీ ఆ వరసలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి ఏమీ జరగని రోజులవి. ఈ మాటకు ఆధారం మన జ్ఞాపకం పనిచేసే తీరులోనే ఉంది.

మారిగోల్డ్ లింటన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో తన మీద తానే ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ప్రతిరోజూ, ఆ రోజు తనకు జరిగిన వాటిలో కనీసం రెండు సంగతులు కార్డుల మీద రాసిపెట్టేవారు. నెలకోసారి పాత కార్డులు కొన్ని బయటికి తీసి, ఇది గుర్తుందా, ఎప్పుడు జరిగిందో చెప్పగలనా అని తనను తాను పరీక్షించుకునేవారు. ఆరేళ్ళు ఇలా చేశారు. మరుపు అంటే ఉన్నది చెరిగిపోవడమే అని మనం అనుకుంటాం. ఆమెకు ఇంకో రకం మరుపు కూడా ఎదురైంది. ఒక దూర నగరంలో జరిగే కమిటీ సమావేశాలకు ఆమె తరచూ వెళ్తుండేవారు. మొదటిసారి వెళ్ళినప్పటి సంగతులు స్పష్టంగా ఉండేవి. తర్వాత్తర్వాత, ఆ సమావేశాలు ఎలా ఉంటాయో, ఎవరెవరు వస్తారో, ఎలా సాగుతాయో అన్నది బాగా తెలిసిపోయింది. కానీ ఏ మాట ఏ సమావేశంలో నడిచిందో విడదీయలేకపోయారు. అన్నీ కలిసి ఒకటే సమావేశమైపోయాయి.

రోజూ చేసే పనులన్నిటిదీ ఇదే గతి. పిల్లను పొద్దున్నే స్కూలు బస్సు ఎక్కించడం ఎలా ఉంటుందో ఏ తల్లినడిగినా కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. పోయిన నెల మొదటి గురువారం బస్సు ఎక్కబోతూ పిల్ల ఏమందో అడిగితే చెప్పలేదు. ఎక్కువసార్లు చేసిన పనే తక్కువ గుర్తుంటుంది!

దీన్ని మెదడు లోపమనుకోనక్కర్లేదు. కణతల వెనక, మెదడు లోపలి మడతల్లో, హిప్పోక్యాంపస్ అనే నిర్మాణం రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది. మన జీవితంలో జరిగే సంఘటనలు కొత్తగా నమోదు కావాలంటే అది పనిచేయాలి. అందులో డెంటేట్ గైరస్ అనే భాగం ఒకదాన్నొకటి పోలిన అనుభవాలను విడివిడిగా ఉంచే పనిలో ముఖ్యమైనది. ఇంచుమించు ఒకేలా ఉన్న రెండు ఉదయాలకు అది వేరువేరు నాడీకణాల గుంపులను కేటాయించడానికి చూస్తుంది. దాన్ని ఆనుకుని ఉండే సీఏ3 అనే భాగం చేసేది మరో రకం పని. ఒక ముక్క దొరికితే చాలు, దానికి సంబంధించిన మిగతాదంతా పూరించి ముందు పెడుతుంది. ఒక పాత చొక్కా చూడగానే ఒక ఊరు, ఒక ఎండాకాలం, ఒక గొంతు మొత్తంగా వచ్చి పడేది ఇందువల్లే.

విడదీయడానికి తేడా ఉండాలి. మామూలు రోజుల్లో తేడాలు లేక కాదు, మనం వాటిని పట్టించుకోం. పట్టించుకోనిది నమోదు కాదు. రోజుకో ఫొటో అనే చిన్న అలవాటు ఈ రెండు చోట్లా సాయపడుతుందని నా నమ్మకం. తీసేటప్పుడు ఈ రోజుకున్న తేడా ఏమిటని వెతికిస్తుంది. ఏళ్ళ తర్వాత చూసేటప్పుడు, పోయిన రోజును పూరించుకోవడానికి ఒక ముక్క అందిస్తుంది.

కెమెరా చేతిలో ఉంటే అసలు చూడటమే మానేస్తామన్న ఫిర్యాదు చాలాకాలంగా ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా హెంకెల్ విద్యార్థులను ఒక మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఫొటో తీయమని, కొన్నిటిని ఊరికే చూడమని చెప్పారు. మర్నాడు పరీక్షిస్తే, ఫొటో తీసిన వస్తువులే తక్కువ గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు వదిలేసిందన్నమాట. 2014లో అచ్చయిన ఈ ఫలితం ఎంతో ప్రచారం పొందింది. అదే పరిశోధనలోని రెండో సగానికి మాత్రం అంత ప్రచారం రాలేదు. వస్తువులోని ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్ళలో ఈ మరుపు కనిపించలేదు. ఇంకా ముచ్చటైన విషయం, ఫ్రేములో పడని భాగాలు కూడా వాళ్ళకు అంతే బాగా గుర్తున్నాయి.

అలిక్సాండ్రా బరాష్ బృందం 2017లో ప్రకటించిన ప్రయోగాలు మరో అడుగు వేశాయి. హెంకెల్ విద్యార్థులకు ఏది తీయాలో ముందే చెప్పారు. ఇక్కడ తీయాల్సింది ఎంచుకునే పని సందర్శకులకే వదిలేశారు. చెవిలో ఆడియో గైడ్ వినిపిస్తూంటే ఒక ప్రదర్శన చూసి వచ్చినవాళ్ళలో, ఇష్టం వచ్చినట్టు ఫొటోలు తీసుకున్నవాళ్ళకు చూసినవి ఎక్కువ గుర్తున్నాయి, విన్నవి తక్కువ గుర్తున్నాయి. అంటే ఎంపిక మనదైతే కెమెరా కంటిని పదును చేస్తుంది, అందుకు చెవి కొంత మూల్యం చెల్లిస్తుంది. ఒకే బొమ్మ కోసం గుక్కతిప్పుకోకుండా ముప్ఫైసార్లు నొక్కడానికీ, ఈ రోజుకు ఏ ఒక్కటి తీయాలా అని సాయంత్రం దాకా చూస్తూ తిరగడానికీ ఎంతో తేడా ఉంది. రోజుకు ఒక్కటే అన్న హద్దు ఈ పనికి ప్రాణం. అది పోతే మిగిలేది నిండిపోయిన ఫోను.

ఇంతకీ, ఏం తీయాలి? మన ఇళ్ళలో పెళ్ళి ఆల్బమ్‌లకు కొదవ లేదు. జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఒక్క క్షణం పోకుండా దొరుకుతుంది. అదే పెళ్ళికూతురు ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు వండిన వంటింటి ఫొటో చాలా ఇళ్ళలో ఒక్కటి కూడా ఉండదు. ఆమె చేయి అలవాటుగా వెళ్ళే పోపులపెట్టె, కిటికీ ఊచకు వేలాడే పాలప్యాకెట్ల సంచి, పేపరు చదువుతూ నాన్న కూర్చునే కుర్చీ, వాటిని ఎవరూ తీయలేదు. రోజూ ఉండేవే కదా అనుకున్నాం. ఈ లోటు తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే పెళ్ళిరోజు ఫొటో లేకపోయినా గుర్తుంటుంది. ఫొటో అవసరమైనది ఆ వంటింటికే.

ఈ పొరపాటు లెక్క మన ఒక్కరిదే కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో టింగ్ జాంగ్, ఆమె సహచరులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు తాము ఈమధ్య విన్న పాటలు, మాట్లాడిన మాటలు, పరీక్షలో వచ్చిన ప్రశ్న వంటి సంగతులు రాసి దాచిపెట్టారు. మూడు నెలల తర్వాత చూసుకుంటే ఎంత ఆసక్తిగా అనిపిస్తుందో ముందుగా ఊహించి చెప్పమంటే, తక్కువ చెప్పారు. తీరా చూసుకున్నప్పుడు కలిగిన ఆసక్తి అంతకన్నా ఎక్కువ. మామూలు రోజునూ ప్రేమికుల రోజునూ పోల్చి చూస్తే, జనం తక్కువ అంచనా వేసింది మామూలు రోజునే.

పోయిన జ్ఞాపకాలకు చిన్న ముక్క ఎంత సాయం చేయగలదో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. మెదడువాపు వల్ల జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతిన్న 63 ఏళ్ళ మహిళ మెడలో సెన్స్‌క్యామ్ అనే కెమెరా వేశారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు తయారుచేసిన ఆ కెమెరా ఎవరూ నొక్కకుండానే ఫొటోలు తీస్తూ పోతుంది. భర్త పక్కన కూర్చుని ఆ ఫొటోలను రెండు రోజులకోసారి చూపించేవారు. 2007లో వెలువడిన నివేదిక ప్రకారం, ఆమె ఆ సంఘటనల్లో దాదాపు 80 శాతం గుర్తుచేసుకోగలిగారు, నెలల తరబడి ఫొటోలు చూడకపోయినా అవి నిలిచాయి. డైరీ చదివి వినిపించినప్పుడు ఇంత మేలు జరగలేదు. ఒక్క కేసే గనుక అందరికీ వర్తిస్తుందనలేం. అయినా ఒక సంగతి గమనించాలి. ఆ ఫొటోలు తీసి ఊరుకోలేదు, కూర్చుని మళ్ళీ మళ్ళీ చూశారు.

పూరించే గుణానికి ఒక ప్రమాదం ఉంది. ఇచ్చిన ముక్క అబద్ధమైతే మెదడు అబద్ధాన్నే పూరిస్తుంది. 2002లో కింబర్లీ వేడ్ బృందం 20 మంది పెద్దవాళ్ళకు, వాళ్ళు చిన్నప్పుడు వేడిగాలి బెలూన్‌లో ఎక్కినట్టు కల్పించిన ఫొటో చూపించింది. అలాంటిదేమీ జరగలేదు. మూడు ఇంటర్వ్యూలు అయ్యేసరికి సగం మంది ఆ ప్రయాణం గురించి ఎంతో కొంత గుర్తుచేసుకున్నారు. ఇప్పుడు ఫోనే మబ్బులు మారుస్తోంది, ముఖాలకు నవ్వులు అతుకుతోంది. రోజువారీ ఫొటోలకు ఆ హంగులేవీ వద్దు. గచ్చు మీద మరక ఉంటే ఉండనివ్వాలి.

ఇక ఫొటో చెప్పలేనివి. డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త విల్లెమ్ వాగనార్ ఆరేళ్ళ పాటు తనకు జరిగిన 2,400 సంగతులు ఏమిటి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న నాలుగు వివరాలతో రాసుకున్నారు. తర్వాత ఒక్కో వివరం చూసుకుంటూ మిగతాది గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించారు. 'ఏం జరిగింది' అన్నది అన్నిటికన్నా బాగా పనిచేసింది. 'ఎప్పుడు' అన్నది ఒంటరిగా దాదాపు పనికిరాలేదు. ఫోను మాత్రం తేదీనీ సమయాన్నీ, లొకేషన్ పెట్టుకుంటే చోటునూ, అడక్కుండానే రాసిపెడుతుంది. మనకు బొత్తిగా చేతకానిది అది చేస్తోంది. ఏం జరిగిందో, ఎవరేమన్నారో రాయడం మన వంతు. విన్నవి తగ్గిపోతాయని ముందే చూశాం గనుక, మాటలు రాసుకోవడం మరీ అవసరం.

ఫొటో పైకి జరిపితే చాలా ఫోన్లలో క్యాప్షన్ రాసే చోటు కనిపిస్తుంది. లింటన్ తన పాత కార్డుల్లో కొన్నిటిని చదివి అవి దేని గురించో తానే పోల్చుకోలేకపోయారు, కాబట్టి 'అమ్మ, వంటిల్లు' అంటే చాలదు. అమ్మ ఏం చేస్తోంది, అప్పుడు ఏమంది, ఫ్రేము బయట ఎవరున్నారు అన్నవి రెండు వాక్యాల్లో రాయాలి. ఇంట్లోవాళ్ళకు పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు ఫొటోగా పంపితే తీసిన తేదీ, చోటు వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి, అందుకున్నవాళ్ళ దగ్గర ఆ ఫొటోకు తీసిన తేదీ ఉండదు.