మతిమరుపుకు ఆకు మందు పనిచేస్తుందా?

"డాక్టరుగారూ, మా అత్తయ్యగారికి సరస్వతి ఆకు లేహ్యం మంచిదాండీ, బ్రాహ్మి మాత్రలు మంచివాండీ?" అంటూ ఒక గృహిణి నా బల్ల మీద రెండు సీసాలు పెట్టింది. ఆమె వెనుక డెబ్బయ్యేళ్ల పెద్దావిడ గోడ పట్టుకుని నిలబడి ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోందట. మనవరాలి పేరుకు తడుముకుంటోందట. నెల పదిహేను రోజులుగా లేహ్యం తినిపించారు. గుణం కనిపించక, మాత్రలకు మారదామా అని అడగడానికి వచ్చారు. ఆవిడ సంగతి తరువాత చెబుతాను. ముందు కోడలు అడిగిన ప్రశ్న చూద్దాం. మీలోనూ చాలామందికి ఈ సందేహం ఉండే ఉంటుంది.

ఆకుల్లో, దుంపల్లో మందు లేదని నేననను. చలిదేశాల్లో మంచు కరిగే వేళ పూసే స్నోడ్రాప్ అనే తెల్లపూల మొక్క ఉంది. దాని నుంచి 1950ల్లో రష్యా, బల్గేరియా శాస్త్రజ్ఞులు గాలంటమైన్ అనే పదార్థాన్ని వెలికితీశారు. మొదట కండరాల జబ్బులకు వాడారు. అల్జీమర్ వ్యాధికి వాడడానికి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 2001లో. అది జబ్బును నయం చేయదు. కొందరిలో కొంతకాలం లక్షణాలను తగ్గిస్తుంది, అంతే. ఆ మాత్రం దానికే ఇన్నేళ్లు పట్టింది.

అసలు ఒక ఆకుకు ఈ గుణం ఉందో లేదో ఎలా తేలుస్తారు? ముందు సారం తీయాలి. నీళ్లలో మరిగిస్తే ఒక రకం పదార్థాలు దిగుతాయి, ఆల్కహాలులో నానబెడితే మరో రకం. మొక్క ఒకటే, మందులు రెండన్నమాట.

తరువాత పరీక్షనాళిక. మెదడులో ఒక కణం మరొక కణానికి కబురు పంపడానికి అసిటైల్ కోలిన్ అనే రసాయనాన్ని వాడుకుంటుంది. పని అయిపోగానే దాన్ని ఒక ఎంజైము విరిచేస్తుంది. అల్జీమర్ వ్యాధిలో ఈ రసాయనం తగ్గిపోతుంది. కనుక ఆ ఎంజైమును అణిచితే ఉన్న కాస్త రసాయనమైనా నిలుస్తుందని ఊహ. గాలంటమైన్ చేసేదీ అదే. 1961లో ఎల్మన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పద్ధతిలో, ఎంజైము పనిచేస్తుంటే నాళికలోని ద్రవం పసుపురంగుకు తిరుగుతుంది. ఆకుసారం కలిపినప్పుడు పసుపు తగ్గితే ఎంజైము అణిగిందని అర్థం. సులువైన పరీక్ష కనుక ఎన్నో ఆకులు ఇందులో నెగ్గుతాయి. కాని నాళికకు పొట్టా లేదు, కాలేయమూ లేదు. మనం మింగినది మెదడు దాకా చేరుతుందో లేదో అది చెప్పలేదు.

ఆపైన ఎలుకలు. వాటికి స్కోపొలమైన్ సూది ఇచ్చి మరుపు తెప్పిస్తారు. ఇది మన ఉమ్మెత్తలో ఉండేదే. ఉమ్మెత్త గింజలు తిన్నవాడు ఎలా పలవరిస్తాడో క్యాజువాల్టీలో పనిచేసిన ఏ డాక్టరునడిగినా చెబుతాడు. అలా మరుపు తెప్పించిన ఎలుకను నీళ్లతొట్టిలో వదులుతారు. నీటి మట్టానికి కాస్త కింద, పైకి కనపడకుండా ఒక మెట్టు ఉంటుంది. అదెక్కడుందో గుర్తుంచుకుని త్వరగా చేరితే సారం పనిచేసినట్టు. బాగానే ఉంది. కాని సూదిమందుతో కాసేపు వచ్చిన మరుపు వేరు, ఏళ్ల తరబడి నాడీకణాలు నశించి వచ్చిన మరుపు వేరు. సీసా మీద "శాస్త్రీయంగా నిరూపితం" అని అచ్చు వేసేవాళ్లు ఆ నిరూపణ ఎలుకలో జరిగిందా, మనిషిలో జరిగిందా చెప్పరు!

మనుషుల్లోనూ పరీక్షలు జరిగాయి. అందులో సగంమందికి మందు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఈ తతంగమంతా ఎందుకంటే, ఒకే జ్ఞాపకశక్తి పరీక్ష రెండోసారి రాస్తే ఏ మందూ లేకుండానే మార్కులు పెరుగుతాయి. బకోపా అనే నీటి మొక్కను 2002లో ఆస్ట్రేలియాలో 76 మందిపై మూడు నెలలు ఇలా పరీక్షించారు. కొత్తగా నేర్చుకున్నది మరిచిపోవడం కొంత తగ్గింది. తక్కిన పరీక్షల్లో తేడా లేదు. గమనించండి, వీళ్లకు మతిమరుపు జబ్బు లేదు. ఇక గింకో ఆకుసారాన్ని అమెరికాలో మూడు వేలమందికి పైగా వృద్ధులపై సుమారు ఆరేళ్లు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. గింకో తీసుకున్నవారిలో 277 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 246 మందికి మతిమరుపు జబ్బు వచ్చింది. అంటే ఆ ఆకు జబ్బును ఆపలేదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కొందరు బ్రాహ్మి అంటే బకోపా అంటారు. మరికొందరు గుండ్రని ఆకుల సరస్వతి మొక్కనే బ్రాహ్మి అంటారు. రెండూ వేర్వేరు జాతులు. ఒకదానిపై జరిగిన పరీక్షను చూపించి రెండోదాన్ని అమ్మితే మనకెలా తెలుస్తుంది? 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. గుండెజబ్బుకు రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు గింకో వంటివి కలిపితే రక్తస్రావం ముప్పు కూడా ఉంది. సరస్వతి ఆకు పచ్చడి మాత్రం నిక్షేపంగా తినండి, నేనూ తింటాను.

ఇక పెద్దావిడ సంగతి. "పెద్దమ్మగారూ, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా?" అని అడిగాను. ఆవిడకు గుర్తు లేదు. కోడలే ఆలోచించి, "అవునండీ, రెండు నెలల కిందట స్నానాలగదిలో జారారు. బొప్పి కట్టిందంతే, రక్తం కూడా రాలేదు" అంది. నడిపించి చూస్తే కుడికాలు ఈడుస్తోంది. స్కానింగులో పుర్రెకూ మెదడుకూ మధ్య పేరుకున్న రక్తం కనిపించింది. పెద్దాసుపత్రికి పంపితే పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేశారు. వారం తిరక్కుండా మనవరాలిని పేరు పెట్టి పిలిచింది. లేహ్యం ఆవిడకు కీడు చేయలేదు. కాని ఆ నెల పదిహేను రోజుల్లో ఏ రాత్రయినా స్పృహ తప్పి ఉంటే?

థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిను లోపించినా, మనోవ్యాకులత ఉన్నా, నిద్రమాత్రలు ఎక్కువైనా మతిమరుపు వస్తుంది. వీటిని మామూలు రక్తపరీక్షలతో, నాలుగు ప్రశ్నలతో పట్టుకోవచ్చు. వైద్యమూ ఉంది. మరుపు కొద్ది వారాల్లోనే ముంచుకొచ్చినా, దానితోపాటు తలనొప్పి, నడక తూలడం, బట్టల్లో మూత్రం పోవడం ఉన్నా ఒక్కరోజు కూడా ఆగవద్దు. వచ్చేటప్పుడు పెద్దవారితో ఇంట్లో రోజంతా ఉండేవారే రండి. వాడుతున్న మందులన్నీ, లేహ్యం సీసాతో సహా, సంచిలో వేసుకురండి.