లెక్క ఉంటేనే ముప్పు తెలిసేది

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు మార్కెట్లోకి వచ్చింది. వేవిళ్లు తగ్గడానికి గర్భిణులకు కూడా ఇచ్చేవారు. కొంతకాలానికి కాళ్లూ చేతులూ సరిగా ఎదగని శిశువులు పుట్టసాగారు. 1961 నవంబరులో అక్కడ ఆ మందును ఉపసంహరించారు. ప్రపంచవ్యాప్తంగా పది వేల మందికి పైగా పిల్లలు దాని బారిన పడ్డారని అంచనా.

ప్రమాదాన్ని గుర్తించడానికి అంతకాలం ఎందుకు పట్టింది? ఒక్కో ఆసుపత్రికి కనిపించేది ఒకటి రెండు కేసులే. వాటన్నింటినీ ఒకచోట చేర్చి చూసే ఏర్పాటు చాలా దేశాల్లో లేదు. ఆ విషాదం తర్వాతే పుట్టుకతో వచ్చే లోపాలను నమోదు చేసే రిజిస్ట్రీలు పెరిగాయి. ఐరోపా రిజిస్ట్రీల సమాఖ్య ‘యూరోక్యాట్’ 1979లో మొదలైంది.

లెక్క కట్టే పద్ధతి తేలికే. ఒక జిల్లాలో ఏడాదికి 40,000 జననాలు, వాటిలో గ్రహణం మొర్రి కేసులు 40 అనుకుందాం. అంటే ప్రతి 10,000 జననాలకు 10. వచ్చే ఏడాది 45,000 జననాలు ఉంటాయనుకుంటే సుమారు 45 మంది పిల్లలకు శస్త్రచికిత్స అవసరమని ముందే అంచనా వేయవచ్చు. 50 కేసులు వస్తే అది యాదృచ్ఛిక హెచ్చుతగ్గే కావచ్చు. అదే 75 వస్తే కారణం వెతకాల్సిందే.

అయితే అంకె పెరిగినంత మాత్రాన జబ్బు పెరిగినట్లు కాదు. ఎకో పరీక్షలు విస్తరిస్తే గుండెలోని చిన్న రంధ్రాలు కూడా బయటపడతాయి. మృత శిశు జననాలను వదిలేస్తే అసలు భారం తక్కువగా కనిపిస్తుంది.

నివారణ ఫలిస్తోందో లేదో చెప్పేదీ ఈ లెక్కలే. మొదటి బిడ్డకు నాడీనాళ లోపం ఉన్న తల్లులు ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, అది మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. 1998 నుంచి అమెరికాలో ధాన్యపు పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేశాక, అక్కడి రిజిస్ట్రీల్లో ఈ లోపాలు తగ్గినట్లు నమోదైంది. నాడీనాళం గర్భం దాల్చిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అందుకే ఆ మాత్రలు గర్భధారణకు ముందే, వైద్యుల సలహాతో మొదలుపెట్టాలి.

మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తుంది. కాన్పు జరిగిన చోట సిబ్బంది, ఇంటి దగ్గర ఆశా కార్యకర్తలు శిశువులను చూస్తారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో, ఇళ్లలో జరిగే కాన్పులు కూడా లెక్కలోకి వస్తేనే ఆ చిత్రం పూర్తవుతుంది. నమోదైన ప్రతి కేసూ ఒక బిడ్డకు చికిత్స దారి చూపుతుంది. పుట్టబోయే మరెందరికో ముందస్తు హెచ్చరిక అవుతుంది.