కాళ్లు గెలిపించే నీళ్లాట

కప్పగల్లు అనే ఊరి పేరు చెప్పగానే చాలామందికి అక్కడి గుట్టమీది రాళ్లు గుర్తొస్తాయి. కొత్త రాతియుగం మనుషులు ఎద్దుల బొమ్మలు చెక్కినవి, కొడితే గంటలా మోగేవి. నాకు మాత్రం ఆ పేరులోని కప్పే ముందు కనిపిస్తుంది. మన పిల్లలు బావుల్లో వేసే కప్ప ఈతలోనే వాటర్ పోలో అనే నీటి బంతాటకు మొదటి పాఠం ఉంది.

కప్ప ఈతలో రెండు కాళ్లూ ఒక్కసారే తంతాం. ఈ ఆటలో అదే తన్నును ఒక కాలి తర్వాత ఇంకో కాలితో, గుండ్రంగా, ఆపకుండా తిప్పుతారు. కొలను అడుగు తాకకూడదు. గోలీ తప్ప ఎవరూ బంతిని రెండు చేతులా పట్టకూడదు. పెద్దల ఆటలో ఎనిమిదేసి నిమిషాల భాగాలు నాలుగు.

కాళ్లు అలిసిపోతే ఏమవుతుందో తెలుసా? పిల్లవాడు ఎదుటివాడికి అడ్డంగా రాలేక చెయ్యి పట్టి లాగుతాడు. రెఫరీ ఈల వేసి, ఇంచుమించు 20 సెకన్లు అతణ్ని పక్కకు పంపుతాడు. ఇలా మూడుసార్లయితే ఇక ఆ మ్యాచ్‌లో దిగే వీల్లేదు. ఆ కాసేపూ గోలీని వదిలేస్తే ఆరుగురి మీద ఐదుగురే. గెలిచే జట్టు అప్పుడు కంగారుపడదు. కాపలా పక్కకు జరిగేదాకా బంతిని చేతులు మారుస్తుంది. ఓడే జట్టు సందు కనబడగానే విసిరేస్తుంది. హోరాహోరీ ఆటల్లో తేడా ఎక్కువగా ఇక్కడే తేలుతుందని నా నమ్మకం.

ఏకపక్షంగా సాగే ఆటల సంగతి వేరు. బంతి చేజిక్కగానే ముందు ఈదినవాళ్లదే గోలు.

గోలు వెడల్పు 3 మీటర్లు, నీటిమీద ఎత్తు 90 సెంటీమీటర్లు. దాన్ని కాచే గోలీకీ బలం కాళ్లలోనే.

జట్టుకు పిల్లల్ని ఎంచేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. 14 ఏళ్ల వయసులో ఒకడు మీసాలొచ్చిన మనిషిలా ఉంటాడు, ఇంకొకడు పసివాడిలా. ఆ ఏడాది ఓడిన చిన్నవాణ్ని జట్టులోంచి తీసేయడం పెద్ద పొరపాటు. వాడి ఎదుగుదల ఇంకా ముందుంది.

ఈ ఆట మనకు కొత్తదేమీ కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఈ ఆటలో బంగారు పతకం మనదే. 1982లో మళ్లీ ఢిల్లీలోనే కాంస్యం వచ్చింది.

ఈత బాగా వచ్చిన పిల్లలకు ఒక సాధన: గట్టున పెద్దలు కాపలా ఉండగా, నిలువు ఈతలో రెండు చేతులూ పైకెత్తండి. మోచేతులు తడవకుండా ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో చూడండి. కాలువ ప్రవాహంలో మాత్రం వద్దు.